మూగమెట్టు

నేను ఒక హార్మోనియాన్ని. నా మెట్లలో ఒకటి మూగది. జాలి పడకండి, ముందు వినండి.

కాకినాడలో ఒక వడ్రంగి నన్ను టేకుతో చేశాడు. నాటకాల కంపెనీలో ఎందరో రాజులు నా శ్రుతి పట్టుకునే ఏడ్చారు. ఒకసారి గాలివానకు పందిరి కూలి తడిసిపోయాను. గాంధారం పలికే మెట్టు మళ్ళీ నోరు విప్పలేదు. యజమాని నన్ను వేషాల బట్టలు కుట్టే నూకరత్నం ముందు పడేశాడు.

"పాత గుడ్డలు దాచుకోయే, పెట్టెలాగా పనికొత్తాది."

ఆమె గుడ్డలు దాచలేదు. నన్ను ముందేసుకుని పాట కట్టింది. ఉప్పుమడుల్లో కాళ్ళు పుండ్లు పడే ఆడవాళ్ళ పాట. పాడటం నా దగ్గరే నేర్చింది కనుక, నేను పలకని చోట తానూ ఆగేది. సంతల్లో పాడితే ఆ ఖాళీలో జనం "ఊ" అనేవారు. మనుషులు ఖాళీ కనబడితే ఊరుకోలేరు కదా.

పేరు పాకింది. మద్రాసు రికార్డుల కంపెనీ పిలిచింది. నేనూ రైలెక్కాను. అక్కడి సంగీత దర్శకుడు విని చెవి గోక్కున్నాడు.

"గాంధారం మింగేస్తున్నావమ్మా. అక్కడ వయొలిన్ పెడతాను."

"వద్దండి."

"పాటకు చిల్లు పడింది, కనబడటం లేదూ?"

"చిల్లు కాదండి బాబూ, గుమ్మం. మావోళ్ళు అందులోంచే లోపలికొత్తారు. మూసేత్తే నేనెవరికి పాడాలండి?"

"అయితే రికార్డు లేదు."

"లేకపోతే మానె. సంతలున్నాయి కదండీ."

నన్ను నెత్తిన పెట్టుకుని వచ్చేసింది. ఏడాది తిరిగాక అదే కంపెనీ యంత్రాలు మోసుకుని సంతకు వచ్చింది. జనం అన్న "ఊ"తో సహా రికార్డు చేసుకుపోయింది. ఆ తర్వాత రేడియోలూ, సభలూ, సన్మానాలూ. కప్పిన శాలువాలన్నీ ఆమె నా మీదే కప్పేది. ఎవరెంత చెప్పినా నా మెట్టు మాత్రం బాగుచేయించలేదు.

ఆమె పోయాక నన్ను మ్యూజియంలో పెట్టారు. 'చెడిపోయినది' అని చీటీ అంటించారు. మొన్న మరమ్మతుకు ఒకాయన వచ్చాడు. నన్ను విప్పేముందు సరదాకి ఆమె పాట వాయించాడు. ఖాళీ వచ్చింది. గది ఊడుస్తున్న ఆవిడ తల కూడా ఎత్తకుండా "ఊ" అంది.

"ఎవరితోనమ్మా?" అన్నాడాయన.

"ఎవరితోనేంటండీ? అక్కడ అనాలి కదా."

ఆయన నన్ను విప్పలేదు. సామాను సంచిలో సర్దుకుని వెళ్ళిపోయాడు.

చీటీ ఇంకా నా మీదే ఉంది. ఉండనివ్వండి. ఆ చోట పలకాల్సింది నేను కాదు.