జున్నుపాల చెంబు

పటాన్‌చెరు దిక్కు కంపెనీలు అప్పుడప్పుడే లేస్తున్న కాలం. చిట్కుల్‌ల మల్లమ్మకు పక్కింటి ఏసమ్మను సూస్తే కడుపుమంట. గోడకు గోడ ఇల్లు, ఇద్దరికీ చెరొక బర్రె. ఏసమ్మ పెనిమిటికి కంపెనీల నౌకరి దొరికింది, పోనీ అనుకున్నది. ఏసమ్మ దుడ్డెలు దుక్కల్లెక్క పెరిగినయి, తన దుడ్డెలు వరుసగ రెండు కడుపు పారుకొని సచ్చినయి, అదీ దిగమింగింది. కానీ మొగడు అంజయ్య, ఏసమ్మ పంపిన గిన్నె నాకి, "జున్నంటే గిదే!" అన్నడు సూడు, పదేండ్లాయె, ఆ మాట మాత్రం ఇంకా గొంతు దిగలె.

ఆ యేడు ముందు ఏసమ్మ బర్రె ఈనింది. తెల్లారి మల్లమ్మది. పెయ్యదుడ్డె! మల్లమ్మ సంబురం ఇంతా అంతా కాదు. గంట గడవకముందే బర్రె పొదుగు వాసి రాయి లెక్క గట్టిపడ్డది. పిండితే నెత్తురు నీళ్లే.

పశువుల దవాఖాన కాంపౌండర్ సుందర్‌రాజు సైకిలేసుకొని వచ్చి బర్రెకు సూది ఏసిండు.

"అమ్మా, దుడ్డెకు జల్దీ జున్నుపాలు తాపాలె. రోగం పురుగులను సంపే యాంటీబాడీలుంటయి అండ్ల. కాగబెడితే ఆ గుణం పోతది, పచ్చివే తాపు. పక్కింటోళ్లను అడుగు."

"జున్నుపాలు తాగితే దుడ్డె పారుకుంటదనేది మా అమ్మ."

"తాపకనే నీ దుడ్డెలు సచ్చినయమ్మా!" అని ఆయన సైకిలెక్కిండు.

అడుగుడా? ఏసమ్మనా? పానం పోయినా అడుగదు. అడుగకముందే ఏసమ్మ గోడ మీదికెల్లి చెంబు అందిచ్చింది.

"మల్లక్కా, నా దుడ్డెకు తాపంగ మిగిలినయి గివే. నీ దుడ్డెకు తాపు, కాగబెట్టకు."

మల్లమ్మ చెంబు తీసుకున్నది. పసుపుపచ్చని చిక్కటి పాలు. బర్రె ఈనితే వాడకట్టుకు జున్ను పంచాలె, నిన్న ఏసమ్మ పంచింది. ఇయ్యాల మల్లమ్మ ఏం పంచుతది? అదీగాక, ఈ దుడ్డె పెరిగి పాలిస్తే ఊరంత ఏమంటది? ఏసమ్మ పాలు తాగి బతికిందంటది! సచ్చేదాక ఆ మాట పడాల్నా?

బెల్లం దంచింది, ఇలాచీ ఏసింది, పొయ్యి మీద పెట్టింది. దుడ్డెకు ఇంట్ల ఉన్న కాగిన పాలు తాపింది. పాలు పాలే గద అనుకున్నది. ఓ మల్లమ్మా, నీ అకల్ ఏడబోయిందే!

జున్ను మాత్రం అద్దిరిపోయింది. ఇంటింటికి పంపింది. తన బర్రెకు పాలు దిగినయని చెప్పి, కావాలనే ఏసమ్మకూ ఒక గిన్నె పంపింది.

తెల్లారి దుడ్డె పారుకున్నది. మూడోనాడు పొద్దుగాల అంజయ్య దాన్ని భుజాన ఏసుకొని ఊరవతలికి పోయిండు. మల్లమ్మ ఖాళీ పలుపు తాడు పట్టుకొని కొట్టంల కూలబడ్డది.

అప్పుడొచ్చింది ఏసమ్మ, గిన్నె మీద మూత పెట్టుకొని.

"మల్లక్కా, గిసొంటి జున్ను నా జన్మల తినలె. నీ చేతికి దండం పెట్టాలె. నేను పదేండ్ల సంది చేస్తున్న గానీ నాకు గిట్ల కుదరనే లేదు."

పదేండ్ల సంది ఆ మాట కోసమే మల్లమ్మ కుళ్లి కుళ్లి సచ్చింది. ఇయ్యాల అది చెవుల పడంగనే, నీకు పుణ్యముంటది ఆ మాట ఎనుకకు తీసుకోవే తల్లీ అని మొత్తుకోబుద్ధయింది.

"ఖాళీ గిన్నె ఇయ్యొద్దంటరు గద," అని ఏసమ్మ మూత తీసింది. "పచ్చిపాలే, నీ దుడ్డెకని ఇప్పుడే పిండిన. దుడ్డె ఏదక్కా?"