పన్నెండు కరెంటు బస్సులు

బస్సు డిపోలో అందరూ అతన్ని చెవుల మేస్త్రీ అనేవారు. పొడవాటి స్క్రూడ్రైవరు కొనను ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, లోపల ఏది అరిగిందో ఇట్టే చెప్పేసేవాడు. ఇరవై ఆరేళ్లు డీజిల్ బస్సులతోనే గడిచిపోయాయి. ఇల్లు కూడా డిపో గోడకు ఆనుకునే ఉండేది. తెల్లవారేసరికి బస్సులన్నీ ఒక్కసారిగా పొగ కక్కేవి. భార్యది ఉబ్బసం. వంటింటి కిటికీ తెరిచిన పాపాన పోలేదు ఆమె.

ఒక వేసవిలో డిపోకి పన్నెండు కరెంటు బస్సులు వచ్చాయి. శిక్షణకు ఎవరు వెళతారని మేనేజరు అడిగితే మెకానిక్కులంతా నేలచూపులు చూశారు. యాభై రెండేళ్ల చెవుల మేస్త్రీ చెయ్యెత్తాడు.

అదే డిపోలో డ్రైవరైన బావమరిది పగలబడి నవ్వాడు. "ఈ వయసులో ఓనమాలా బావా? వాటికి చప్పుడే ఉండదు. ఇక నీ చెవులెందుకు?"

"మీ అక్క చెప్పేది వినడానికి పనికొస్తాయిలేరా."

రెండు నెలలు చదివాడు. సాయంత్రాలు భార్య నోటుపుస్తకం పట్టుకుని అప్పజెప్పించుకునేది.

"నారింజ రంగు తీగ?"

"చేతికి తొడుగు లేకుండా ముట్టుకుంటే నీకు మొగుడు ఉండడు."

"అలా రాసి లేదండీ ఇక్కడ!"

మేనేజరు ఛార్జింగు స్తంభాలను మేస్త్రీ ఇంటి వైపు గోడ వెంటే పాతించాడు. డీజిల్ బస్సుల్ని డిపో అవతలి పెరట్లోకి నెట్టేశారు. ఒకరోజు పొద్దున్నే భార్య కిటికీ రెక్క తీసి, "ఏవండీ, ఇవాళ బస్సులు బయల్దేరలేదా?" అని అడిగింది.

"పన్నెండూ వెళ్లిపోయాయే."

ఆమె అక్కడే చాలాసేపు నిలబడింది. ఆ చలికాలం ఆసుపత్రి మెట్లెక్కలేదు.

మూడో ఏడు బ్యాటరీలు నీరసించాయి. బస్సులు దారి మధ్యలో ఆగిపోసాగాయి. వాటిని తయారుచేసిన కంపెనీ మూతపడింది; ఫోను మోగేది, ఎత్తేవాళ్లు లేరు. మేస్త్రీ ఒక బస్సు భాగాలు విప్పి ఇంకో బస్సుకు వేసి నడిపించాడు. పన్నెండు తొమ్మిదయ్యాయి. తొమ్మిది నాలుగయ్యాయి. కొత్త బ్యాటరీలు ఇప్పించమని పెద్దాఫీసుకు స్వయంగా వెళ్లాడు.

అక్కడి అధికారి మర్యాదగానే విన్నాడు. "మీరన్నది అక్షరాలా నిజం పెద్దాయనా. కానీ జనానికి రేపు పొద్దున బస్సు కావాలి. మీ పెరట్లో తుప్పు పడుతున్నవి ఉన్నాయిగా, వాటిని లేపండి."

లేపగలిగినవాళ్లు వేరే ఎవరూ మిగల్లేదు. పాతవాళ్లంతా రిటైరయ్యారు. రెండు రోజులు మేస్త్రీ పనిముట్లు ముట్టలేదు. మూడో రోజు బావమరిది వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. ఈసారి నవ్వలేదు.

"స్టాపుల్లో జనం తిడుతున్నారు బావా. ఆసుపత్రి ఆయాలు నడిచి డ్యూటీకి పోతున్నారు. ఏం చేద్దాం చెప్పు?"

మేస్త్రీ లేచి పనిముట్ల పెట్టె అందుకున్నాడు.

తొమ్మిది రోజులు పట్టింది. మొదటి ఇంజిన్ దగ్గి, వణికి, గుప్పున నల్లటి పొగ వదిలి అందుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. మేనేజరు అతని చేయి పట్టుకుని ఊపాడు. చేయి విడిపించుకుని మేస్త్రీ ఇంటికి పరుగెత్తాడు. భార్య కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కుతోంది.

"ఎన్ని బాగుచేశారు?"

"ఒకటి."

"ఇంకా?"

"పదకొండు."

ఆమె ఊపిరి కూడదీసుకుంది. "కానివ్వండి. పాపం, జనం ఎండలో నిలబడుతున్నారుగా."

పదకొండూ బాగుచేశాడు. ఇల్లు అమ్ముదామంటే, మసిగోడలు చూసి వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లారు. వానలు మొదలయ్యాక ఆమెకు గది దాటితే ఆయాసం. బావమరిది ఆమెను వేరే ఊళ్లో ఉన్న తమ పెద్దక్కయ్య ఇంటికి తీసుకెళ్లాడు. కరెంటు బస్సుల్ని తుక్కు కింద లాక్కుపోయారు. వాటి చోట, ఆ గోడ వెంటే, కొత్త డీజిల్ బస్సులు ఇరవై వచ్చి నిలబడ్డాయి. పదిహేనేళ్లకు ఢోకా లేదని మేనేజరు మురిసిపోయాడు.

ఆ సాయంత్రం భార్య ఫోను చేసింది. గొంతు తేటగా ఉంది.

"ఇక్కడ బానే ఉందండీ. ఎప్పుడు రమ్మంటారు?"

"వానలు తగ్గనీ," అన్నాడు మేస్త్రీ.

"సరే," అంది ఆమె. "కిటికీ మాత్రం తెరవకండి."