సిలువ ఉన్న చిన్న నాణెం

పంచదార డబ్బా మూతలో నాణేలు పేర్చాడని జోజమ్మ భర్తతో తగువు పెట్టుకుంది.

"డబ్బా నిండా చీమలే! మీ వెండి ముక్కలకి ఇంకో మూత దొరకలేదా?"

శౌరయ్య మాస్టారు నవ్వుతూ మూత ఖాళీ చేయబోయి ఆగిపోయాడు. అన్నిటికన్నా చిన్న నాణెం లేదు. ఎప్పుడో దక్షిణ అమెరికాలో, పొటోసి టంకశాలలో సుత్తితో కొట్టిన గోరంత నాణెం. దాని మీద సిలువ ఉంది.

జోజమ్మ నీళ్లు నమిలింది. "అత్తయ్య కంసాలి దగ్గరికి తీసుకెళ్లింది. బాబు జ్వరం తగ్గాలని, చిల్లు పెట్టించి వాడి మెళ్లో కడుతుందంట."

చిల్లు పడితే నాణేలు సేకరించేవాళ్ల లెక్కలో అది చచ్చినట్టే. శౌరయ్య చెప్పులైనా వేసుకోకుండా బజారుకి పరిగెత్తాడు. కంసాలి అప్పటికే ఉలి మొన ఆనించాడు.

"ఆగవయ్యా!" అంటూ శౌరయ్య నాణేన్ని లాక్కున్నాడు.

పక్కనే కూర్చున్న తల్లి పుల్లమ్మ లేచింది. "బిడ్డ ఒళ్లు పెనంలా కాలిపోతుంటే నీకు బిళ్ల ముఖ్యమంట్రా? సిలువ మెళ్లో పడందే నా మనవణ్ణి బెజవాడ ఆసుపత్రికి బస్సెక్కనివ్వను."

మధ్యాహ్నం అన్నాలకి కూర్చున్నారు. లోపలి గదిలోంచి బాబు మూలుగు వినిపిస్తోంది. శౌరయ్య కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"లేమ్మా, కంసాలి దగ్గరికెళ్దాం. సిలువకి తగలకుండా అంచున చిల్లు ఎక్కడ పెట్టాలో నేను చూపిస్తా. జోజమ్మా, బాబుని తీసుకురా. అటునుంచి అటే ఆసుపత్రికి."