ఆలస్యానికి ఒక కోడి

మా చర్చి అంత్యక్రియల సంఘానికి నాలుగు పెద్ద ఇనుప కుండలున్నాయి. అవి నా దగ్గరే ఉంటాయి. చావు జరిగిన ఇంటికి, వచ్చినవాళ్లకి వండిపెట్టడానికి ఊరికే ఇస్తాం. చెప్పిన రోజుకు తిరిగి తేనివాళ్లు ఒక కోడి ఇచ్చుకోవాలి. కష్టంలో ఉన్నవాళ్ల దగ్గర కోడి పుచ్చుకోవడం తప్పేమోనని నాకెప్పుడూ సందేహమే.

నా భార్య పేరు నోంబులెలో. ఆమె పనిచేసే పళ్ల డబ్బాల ఫ్యాక్టరీ మూతపడింది. చలికాలం మొదట్లో రావలసిన నిరుద్యోగ భృతి ఎండలు ముదిరాక వచ్చింది. ఈలోగా మాకూ మా అబ్బాయి లుండీకీ ఇల్లు గడవడానికి ఆమె కుట్టుమిషను తాకట్టు పెట్టింది. గడువు దాటగానే షాపువాడు దాన్ని అమ్మేశాడు. మా చర్చి ఆడవాళ్లు గురువారం ప్రార్థనకు వేసుకునే ఎర్ర జాకెట్లన్నీ ఆ మిషను మీద కుట్టినవే.

భృతి అందిన రోజు ఇద్దరం మోకరించి దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాం. లేస్తూనే ఆమె, "రేపు భృతి ఆఫీసుకి పోదాం. మిషను సంగతి తేల్చాలి," అంది.

"డబ్బు వచ్చిందిగా. క్షమించి ఊరుకోరాదా?"

"క్షమించాను, లుండీ నాన్నా. మన చర్చి సఖుమ్జీ కుండ ఆలస్యంగా తెస్తే నువ్వూ క్షమించావు. కోడిని వదిలేశావా?"

మర్నాడు కోటు తొడుక్కుని ఆమె వెంట వెళ్లాను.

కౌంటరులోని అమ్మాయి కంప్యూటరు చూసి, "భృతి మొత్తం నీ ఖాతాలో పడిపోయిందిగా అక్కా, ఇంకేం కావాలి?" అంది.

"నా మిషను. మీ ఆలస్యం వల్ల పోయింది. దాని ఖరీదు ఇప్పించు. తాకట్టు రసీదు ఇదిగో."

"అలా ఎవరూ అడగరక్కా."

"మీ ఇంట్లో ఎవరైనా పోతే వంటకి కుండలెక్కడివి?"

"చర్చివి."

"ఆలస్యంగా తిరిగిస్తే?"

"మా దగ్గర చక్కెర సంచి ఇవ్వాలి," అనేసి ఆ అమ్మాయి నాలిక కరుచుకుంది.

వెనక వరసలో ఒక ముసలాయన, "ఇచ్చెయ్యి తల్లీ, మేమూ చక్కెర కోసమే నిలబడ్డాం," అన్నాడు. వరసంతా నవ్వింది.

"నా చేతిలో లేదక్కా. రాసివ్వు, పైకి పంపిస్తా."

"ముద్ర కొట్టి నకలివ్వు. గురువారం ప్రార్థన కాగానే వస్తా."

ప్రతి గురువారమూ వెళ్లింది. తోడుగా ఎర్ర జాకెట్ల ఆడవాళ్లూ వెళ్లి, బెంచీల మీద కూర్చుని మెల్లగా పాడుకునేవారు. ఈస్టరు ముందు జవాబొచ్చింది: తప్పు ఆఫీసుదే, మిషను ఖరీదు ఇస్తాం.

ఆ డబ్బు చేతికందాక ఒక శనివారం సఖుమ్జీ మళ్లీ కుండ ఆలస్యంగా తెచ్చాడు, చంకలో కోడితో. ఈసారి ఏ సందేహమూ లేకుండా పుచ్చుకుని, కూర్చోబెట్టి టీ ఇచ్చాను.

లోపల కొత్త మిషను చప్పుడు వినిపిస్తోంది.

"మనం పస్తులున్న రోజులకి ఆఫీసువాళ్లేమీ కట్టివ్వలేదే," అన్నాను.

ఆమె దారం పళ్లతో తెంపింది. "దానికి వేరే రాశాను. గురువారం ఇచ్చొస్తా."