గట్టిమేళం నాలుగు సెకన్లు లేటు

పురోహితుడు చెయ్యెత్తాడు. పెళ్ళికొడుకు మూడు ముళ్ళూ వేశాడు. అక్షింతలు పడ్డాయి. అప్పుడు, తీరిగ్గా, గట్టిమేళం మోగింది.

కృపాకుమారి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పడేసింది. పొద్దున్నుంచి ఇది మూడోసారి. ఎడిటింగులో పెట్టుకుని చూస్తే పంతులుగారి చెయ్యీ, డోలు దెబ్బా అతికినట్టే ఉంటాయి. తుది వీడియో తయారవడానికి రెండరింగుకి పెట్టి, ఆకుపచ్చ గీత పాకుతుంటే నలభై నిమిషాలు కాపలా కాసి, తీరా తెరిచి చూస్తే బొమ్మ ముందు, చప్పుడు వెనక. ఆ కంప్యూటరుకి ఆమె మీద పాత కక్ష ఏదో ఉన్నట్టుంది.

నలభై ఎనిమిదేళ్ళ మనిషి. రోజూ బందరులో పాసింజరెక్కి గుడివాడలో దిగి, నడిచి వచ్చి, చంద్రశేఖర్ గారి స్టూడియో తాళం తీస్తుంది. ఇరవై రెండేళ్ళుగా కిటికీ లేని ఈ వెనక గదే ఆమె చోటు. కుర్చీ సీటు చిరిగితే పాత పెళ్ళి బ్యానరొకటి మడిచి వేసుకుంది. ఆదివారం చర్చికి వెళ్ళే మనిషే అయినా, జీలకర్ర బెల్లం తరవాత ఏమిటో, తలంబ్రాలు ఎప్పుడో కుర్ర పంతుళ్ళకి చెప్పగలదు. వేల పెళ్ళిళ్ళు చూసింది. ఒక్కదాంట్లోనూ భోజనం చెయ్యలేదు. తనకీ రెండు సంబంధాలు వచ్చాయి, పోయాయి. ఆ సంగతి ఎవరూ అడగరు, ఆమే చెప్పదు.

బల్ల మీద గుడ్డసంచి ఒకటి ఉంది. ఘంటసాల గ్రామం నుంచి రవికుమార్ తెచ్చి ఇచ్చాడు. అతని తండ్రి భీమేశ్వరరావు ఒకప్పుడు డోలు వాయించేవాడు. ఇరవై తొమ్మిదేళ్ళ కిందటి ఓ పెళ్ళిని పెళ్ళికూతురి మేనమామ సొంత కెమేరాతో తీసిన కేసెట్టు అది. భీమేశ్వరరావు వాయిస్తుండగా తీసింది లోకంలో అదొక్కటే. డోలు సామానుతోనే దాచుకున్నాడేమో, కేసెట్టుతోబాటు ఆయన వేళ్ళకు పెట్టుకునే తొడుగులు కూడా సంచిలో వచ్చాయి. గుడ్డకి పిండి పట్టించి ఎండబెట్టిన అయిదు తొడుగులు, చెక్కలా గట్టిగా ఉన్నాయి.

తప్పు కృపాకుమారిదే. పోయిన వారం కేసెట్టు కంప్యూటరులోకి ఎక్కించి, మొదటి అయిదు నిమిషాలు చూసి, బాగానే ఉందని పెన్‌డ్రైవులో ఇచ్చేసింది. టేపు పాడైన చోటల్లా మిషను బొమ్మలు వదిలేసి చప్పుడు మాత్రం ఉంచుకుంది. అలా కొంచెం కొంచెంగా పెరిగి, తాళి దగ్గరకొచ్చేసరికి చప్పుడు నాలుగు సెకన్లు వెనకబడింది. గట్టిమేళానికి ముందెప్పుడో ఏడ్చిన చంటిపిల్ల ఏడుపు సరిగ్గా ముళ్ళ మీద పడింది. తాళి కట్టే వేళ ఏడుపూ తుమ్మూ వినబడకూడదనే కదా గట్టిమేళం!

మంచం పట్టిన ముసలాయన అది చూశాడు.

"రెండ్రోజుల్నించి అన్నం ముట్టట్లేదండి," అన్నాడు రవికుమార్ నిన్న ఫోన్లో. "నేను లేటుగా ఎత్తుకున్నానురా, ఆ పెళ్ళిపిల్ల కాపురం ఎట్టా ఉందో కనుక్కో అంటున్నారు. మిషను తప్పు నాన్నా అంటే, కళ్ళారా చూశాను గదరా అంటున్నారు. డాక్టరు గారు ఇంక ఇంటి దగ్గరే ఉంచుకోమన్నారు మేడమ్."

యాభై ఏళ్ళు పంతులుగారి చెయ్యి చూసి డోలు మోగించిన మనిషి, సొంత చేతుల్ని నమ్మకుండా కృపాకుమారి ఇచ్చిన పెన్‌డ్రైవుని నమ్మాడు. తలుచుకున్నప్పుడల్లా ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండుతోంది.

చంద్రశేఖర్ తలుపు తోశాడు. "కృప గారూ, ఇంకా ఆ పాత కేసెట్టేనా? పాలకాయతిప్ప బీచిలో తీసిన ప్రీవెడ్డింగు వీడియో ఎప్పుడు మొదలెడతారు?"

"ఇదయ్యాకే సార్."

"అదెవరు చూస్తారండీ?"

"చూసేది ఒక్కరే. ఆయనకే టైం లేదు."

ఆమె యజమానికి అలా ఎదురు చెప్పడం ఎప్పుడూ లేదు. చంద్రశేఖర్ తలుపు మెల్లిగా దగ్గరికి వేసి వెళ్ళాడు.

అన్నం డబ్బా తెరవలేదు. మొత్తం కేసెట్టు సంగతి వదిలేసి, తాళి దగ్గరి రెండు నిమిషాలే కోసి విడిగా తీసింది. సెకనుకి ఇరవై అయిదు బొమ్మలు, ఒకటి ఎక్కువా కాదు తక్కువా కాదు అన్నట్టు ముందు దాన్ని కట్టడి చేసింది. ఆ తరవాత, కొబ్బరికాయ పగిలిన చోట ఒకసారి, ఎవరి చేతిలోంచో పళ్ళెం జారిన చోట ఒకసారి, బొమ్మనీ చప్పుడునీ కలిపి కుట్టింది. మళ్ళీ రెండరింగు. మళ్ళీ గీత. తెరిచింది.

చెయ్యి లేచింది. డోలు మోగింది. ముడి పడింది. చంటిపిల్ల ఏడుపు ఉండాల్సిన చోటికి, తాళికి ముందుకి వెళ్ళిపోయింది. నాలుగుసార్లు చూసుకుని, నాలుగింటికి వాట్సాప్‌లో పంపింది.

పది నిమిషాల్లో ఫోను.

"మేడమ్, చూశారండి. ఇంకా రవ్వంత లేటేరా అంటున్నారు."

కృపాకుమారికి ఏడుపొచ్చినంత పనైంది. "దేంట్లో పెట్టారు?"

"ఫోన్లోనేనండి. గట్టిగా వినబడుద్దని బ్లూటూత్ స్పీకరు కూడా పెట్టాను."

"ఆ స్పీకరు ఆపండి ముందు! ఫోన్లోంచి దాంట్లోకి వెళ్ళేసరికే చప్పుడు లేటయిపోద్ది. ఒట్టి ఫోనే ఆయన చెవి దగ్గర పెట్టండి. ఆపండి బాబూ!"

ఫోను పెట్టేసి లెక్క వేసుకుంది. ఎంత తేడా ఉంటుంది? పావు సెకను. తనకే దొరికేది కాదు. చావు మంచం మీద ఆయన పట్టుకున్నాడు. అలాంటి చెవికా తను నాలుగు సెకన్లు అంటగట్టింది!

అయిదైంది. అయిదున్నరైంది. బందరు పాసింజరు వెళ్ళిపోయింది. బస్సులో పోవచ్చులే అనుకుంది. ఆరింటికి రవికుమార్ చేశాడు.

"నాన్నగారు వెళ్ళిపోయారండి. ఇందాకే."

కృపాకుమారి కుర్చీలోంచి లేచింది.

"మీరు చెప్పినట్టే చెవి దగ్గర పెట్టానండి. అప్పటికే కళ్ళు మూసుకునున్నారు. ఏమీ అన్లేదు. చెయ్యి మాత్రం దుప్పటి మీంచి లేచింది."

"ఎప్పుడు?"

అడగకూడని సమయం. నోరు జారింది.

"పంతులుగారి మంత్రం వినబడగానే లేచిందండి," అన్నాడు రవికుమార్. "మేళం, ఆయన చెయ్యి, రెండూ ఒకేసారి పడ్డాయండి."

వెనకాల ఎవరో పిలిచారు. సంచి కోసం తరవాత వస్తానని చెప్పి అతను పెట్టేశాడు.

కృపాకుమారి కంప్యూటరు ఆపింది. సంచి సర్దుదామని కేసెట్టు లోపల పెట్టి, తొడుగుల దగ్గర ఆగిపోయింది. కీబోర్డు పక్కన అవి అయిదూ, ఒక్కొక్కటి ఒక్కో వేలి లావుకి సరిపోయేలా, లోపల ఖాళీగా ఉన్నాయి.