అల్లుడు నింపిన పీపా

స్పెయిన్ సముద్రతీరాన సాన్‌లూకర్‌లో అత్తగారి వైను కొఠారులో ఎలోయ్ పనికి చేరి వారమైంది. అతనిది ఎర్ర వైను చేసే ఊరు. అక్కడ పీపా వెలితిగా ఉంటే వైను పాడైపోతుంది. అందుకే ఇక్కడ వెలితిగా కనిపించిన పీపాను ఎవరూ అడక్కుండానే మూతిదాకా నింపేశాడు.

అత్తగారు మిలాగ్రోస్ బిరడా తీసి చూసి తల పట్టుకుంది. "ఏం అల్లుడూ, దానికి ఊపిరాడాలా వద్దా?"

ద్రాక్షసారా కలిపిన ఈ తెల్ల వైను మీద మీగడలాంటి తెట్టు కడుతుంది. పైన గాలి ఉంటేనే అది బతుకుతుంది. అది పోతే వైను రంగు మారిపోతుంది.

ఎలోయ్ ముఖం పాలిపోయింది. "చచ్చిపోయిందా అత్తయ్యా?"

"ఏమో మరి. మీ ఆవిడకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అంటూ ఆవిడ పైనున్న వైనును గొట్టంతో కూజాల్లోకి తోడేసింది. "ఇదంతా నువ్వే తాగాలి. శిక్ష."

అప్పట్నుంచి అతను పొద్దున్నే దీపం పట్టుకుని పీపాలోకి తొంగిచూసేవాడు.

"పురిటిగది ముందు మొగుడిలా ఏమిటయ్యా ఆ తిరుగుడు!" అనేది అత్తగారు.

సముద్రం మీంచి తేమగాలి మళ్ళాక ఒక ఉదయం వైను మీద తెల్లటి చుక్కలు తేలాయి. ఎలోయ్ కేక విని వచ్చిన మిలాగ్రోస్, సుద్దముక్కతో పీపా మీద అతని పేరు రాసింది.

"ఇక ఇది నీదే. మళ్ళీ నింపావంటే మాత్రం పీపాతో పాటు నిన్నూ మీ ఊరు పంపేస్తా."