నాలుగో సెట్టు దాటే దాకా

“అట్ల కూర్చుంటే చెమట ఆరిపోయి నరం పట్టుకుంటాది భాగ్యా, లెయ్! నడుము పోయిందంటే నీ గతేం కావల్ల?”

నా కూతురు ఒళ్ళు వేడెక్కడానికి ఉత్త కడ్డీ ఎత్తింది గానీ, ఇంకా అసలు బరువు ముట్టుకోనేలేదు. హిందూపురం జిమ్ములో బెంచీ మీద కూర్చుని మోకాళ్ళకు పట్టీలు చుట్టుకుంటోంది. వారం నుంచి నాతో మాటల్లేవు.

తప్పు నాదే. డెబ్బై కిలోల కడ్డీని భుజాల మీద పెట్టుకుని గుంజిళ్ళలా కూర్చుని లేవాలి. సెట్టుకు ఐదుసార్లు, మొత్తం ఐదు సెట్లు. అన్నీ చేస్తేనే ధర్మవరం పోటీలకు పేరు పంపుతానంది కోచ్ ఉషారాణి. పోయిన వారం నేను వెనకే నిలబడి, సెట్టు అయిందో లేదో దాన్ని లేపేశాను. నాలుగో సెట్టులో కాళ్ళు వణికి కూలబడింది. పేర్లు పంపడానికి ఈరోజే ఆఖరు.

చిలమత్తూరులో శెనక్కాయ మూటలు లారీకెత్తిన దాన్ని నేను. లారీ నిండేదాకా కూర్చోనిచ్చేవారు కాదు. కూర్చుంటే ఒళ్ళు బిగుసుకుపోతుందనేవారు. అదే నమ్మాను.

ఉషారాణిది పెనుకొండ. నోరు దురుసు.

“ఏం నల్లమ్మక్కా, నీ బిడ్డేమన్నా శెనక్కాయ మూటనా, లారీ పోతాదని తోసేకి? ఇది పొద్దంతా మోసే పని కాదు. ఐదుసార్లలో ఉండే బలమంతా అయిపోతాది. మూడు నిమిషాలు కూర్చుంటేనే మళ్ళా వచ్చేది. ఇదో ఫోను, టైము నువ్వే చూడు. నోరు మాత్రం తెరవద్దు.”

మొదటి సెట్టు అయింది. భాగ్య కూర్చుంది. నిమిషానికే దాని మెడ మీద చెమట ఆరడం కనిపించింది. నరం పట్టుకున్నట్టే ఊహించుకుని కొంగు నోట్లో కుక్కుకున్నాను. మూడు నిమిషాలకు చెయ్యెత్తాను. రెండో సెట్టు, మూడో సెట్టు కూడా అలాగే అయ్యాయి. నాలుగోదానికి కళ్ళు మూసుకుందామనుకున్నాను, మూసుకోలేదు. ఐదుసార్లూ లేచింది!

ఆఖరు సెట్టుకు ముందు మూడు నిమిషాలు నిండాయి. భాగ్య లేవబోయింది. ఇంకా రొప్పుతోంది. భుజం పట్టి కూర్చోబెట్టాను. ఉషారాణి నన్ను చూసి నవ్వింది, వద్దనలేదు. ఇంకో నిమిషం పోయాక వదిలాను.

ఆ సెట్టులో ఐదోసారి లేస్తుంటే సగంలో ఆగింది కడ్డీ. భాగ్య పళ్ళు బిగించి, మెల్లగా, మెల్లగా నిలబడింది.

ఉషారాణి జాబితాలో దాని పేరు రాసింది.

“నడుము నొప్పుండాదేమే?” అన్నాను. నీళ్ళు తాగింది. పట్టీలు విప్పింది. బూట్లు మార్చుకుంది. నేను అక్కడే నిలబడ్డాను.

“ఏం నొప్పి లేదు మా,” అంది చివరికి. “ఆకలైతాంది.”